ప్యాకెట్ వెనక 322... కడుపుబ్బరం దానివల్లేనా?

కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు కోసం నిలబడ్డ ఏ కుటుంబాన్నైనా చూడండి. సంచులు, నీళ్ల సీసా, పిల్లల చేతిలో ఓ బిస్కెట్ ప్యాకెట్. బస్సు లింగంపేట చేరేలోపు ప్యాకెట్ ఖాళీ అవుతుంది. ఇదివరకైతే ఆ కవరును ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఇప్పుడు తల్లిదండ్రులు వెనక్కి తిప్పి చదువుతున్నారు. మంచి అలవాటే. అయితే చదివేవారి కంటికి ముందుగా తగిలేది మైదా కాదు, చక్కెరా కాదు. 'ఎమల్సిఫయర్ (322), సోయా లెసిథిన్' అన్న మాట. పేరు కొత్త, అంకె అర్థం కాదు. అందుకే అనుమానం మొదట దాని మీదికే పోతుంది. పిల్లాడికి కడుపునొప్పి, నాన్నకు ఉబ్బరం, అమ్మకు గ్యాస్... 'అన్నిటిలోనూ ఆ సోయా ఏదో కలుపుతున్నారట, అదే చేస్తోంది' అని తేల్చేయడం మామూలైపోయింది.

నిజానికి సోయా కామారెడ్డి జిల్లాకు పరాయిదేం కాదు. జుక్కల్, మద్నూర్, బిచ్కుంద వైపు నల్లరేగడి చేలల్లో వానాకాలం పంటగా సోయా వేస్తారు. ఆ గింజల్ని పండించే ఇంట్లోనే ప్యాకెట్ మీద సోయా పేరు చూసి బెదిరిపోవడం ఒక విచిత్రం. బెదరడం వరకైతే నష్టం లేదు. కానీ నిందను తప్పు చోట వేస్తే, అసలు కారణం నెలల తరబడి కడుపులోనే కూర్చుంటుంది. డాక్టరుకు చూపించాల్సిన జబ్బు 'ఏదో తిండి పడలేదులే' అన్న మాట చాటున దాక్కుంటుంది. అందుకే ఈ 322 సంగతేమిటో ఒకసారి సూటిగా చూద్దాం.

చల్లలోనూ ఉంది, పచ్చసొనలోనూ ఉంది

నూనె, నీళ్లు కలవవు. గ్లాసులో పోసి ఎంత గిలకొట్టినా కాసేపటికి నూనె పైకి తేలుతుంది. మరి పాలలో వెన్న ఉంది కదా, అది తేలిపోకుండా పాలంతా తెల్లగా ఒక్కలా ఎలా కలిసి ఉంటోంది? పాలలోని ప్రతి కొవ్వు బొట్టు చుట్టూ ఒక పల్చటి పొర ఉంటుంది. ఆ పొరలో ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వులుంటాయి. వీటి తల నీటిని ఇష్టపడుతుంది, తోకలు నూనెను ఇష్టపడతాయి. తల నీటివైపు, తోకలు కొవ్వువైపు పెట్టి రెండింటి మధ్యా మధ్యవర్తుల్లా నిలబడతాయి. కవ్వంతో చిలికినప్పుడు ఈ పొర చీలిపోతుంది. వెన్న ముద్ద కడుతుంది. చీలిన పొరలో ఎక్కువ భాగం చల్లలోకి చేరుతుంది. అంటే మన అమ్మమ్మలు చల్ల చిలికిన ప్రతిరోజూ ఎమల్సిఫయర్ తాగినట్టే, ఆ పేరు తెలియకపోయినా.

లెసిథిన్ ఈ జాతిదే. 1845లో థియోడోర్ గోబ్లే అనే ఫ్రెంచి ఫార్మసిస్టు కోడిగుడ్డు పచ్చసొన నుంచి దీన్ని మొదట వేరు చేశాడు. పచ్చసొనను గ్రీకులో 'లెకితోస్' అంటారు, పేరు అక్కణ్ణుంచే వచ్చింది. తర్వాత సోయా నూనె పరిశ్రమ పెరగడంతో గుడ్డు పక్కకు జరిగి సోయా ముందుకొచ్చింది. కారణం రుచి కాదు, ధర.

తయారీలో మాయేమీ లేదు. గింజల నుంచి తీసిన ముడి సోయా నూనెలో జిగురు పదార్థం ఉంటుంది. అలాగే వదిలేస్తే నూనె అడుగున మడ్డిలా పేరుకుంటుంది. అందుకని నూనెలో కాస్త వేడినీరు కలిపితే, ఆ జిగురు నీటిని పీల్చుకుని బరువెక్కి విడిపోతుంది. దాన్ని వేగంగా తిప్పే యంత్రంలో వేరుచేసి, తడి ఆరబెడితే తేనె రంగులో చిక్కటి పదార్థం వస్తుంది. అదే సోయా లెసిథిన్. ఒక క్వింటాలు సోయా గింజల్లో నూనె 18 నుంచి 20 కిలోల వరకు ఉంటుంది. దాన్నుంచి వచ్చే లెసిథిన్ దాదాపు అరకిలో. ఆహార పరిశ్రమలో అతి తక్కువగా వాడితే సరిపోతుంది కాబట్టి ఆ అరకిలోయే ఎన్నో వందల చాక్లెట్లకు చాలుతుంది.

చాక్లెట్ కంపెనీలకు దీనిమీద ఎందుకంత ప్రేమ? కరిగిన చాక్లెట్ ముద్దగా, బంకగా ఉంటుంది. అచ్చుల్లోకి జారాలంటే ఖరీదైన కోకో వెన్న ఇంకా పోయాలి. దానికి బదులు నూటికి అర గ్రాము లోపు లెసిథిన్ కలిపితే చక్కగా జారుతుంది. బిస్కెట్ పిండిలో నూనె అంతటా సమంగా పరుచుకునేలా చేస్తుంది. పాలపొడి నీళ్లలో ఉండలు కట్టకుండా కలిసేందుకు దాని రేణువులకు పల్చగా పట్టిస్తారు. ఇవన్నీ కామారెడ్డిలోని డెయిరీ టెక్నాలజీ కళాశాలలో చదివే విద్యార్థులకు పాఠాలే. మన వంటింట్లో మాత్రం ఇంకా పుకార్ల స్థాయిలోనే ఉన్నాయి.

ఇక 322 అన్న అంకె. అది విషానికి పెట్టిన గుర్తు కాదు. ఆహారంలో కలిపే పదార్థాలకు అంతర్జాతీయంగా ఇచ్చిన వరుస సంఖ్య, అంతే. పసుపులోని రంగు పదార్థానికి 100, విటమిన్ సి‌కి 300 అని ఉన్నట్టే దీనికి 322.

కడుపులోకి వెళ్లాక ఏమవుతుంది?

ఇక్కడే అసలు ఆశ్చర్యం. మన కాలేయం రోజూ పైత్యరసంలో కలిపి పేగుల్లోకి పంపే ఫాస్ఫాటిడిల్‌కోలిన్ 10 నుంచి 20 గ్రాములు ఉంటుందని అంచనా. లెసిథిన్‌లోని ముఖ్యమైన పదార్థం కూడా ఈ ఫాస్ఫాటిడిల్‌కోలినే. అంటే లెసిథిన్ మన పేగులకు పరిచయం లేని రసాయనం కాదు. కొవ్వు అరగడానికి శరీరం తానే దాన్ని తయారుచేసి వాడుకుంటోంది. తిండిలో వచ్చేదాన్ని కూడా క్లోమం నుంచి వచ్చే ఎంజైములు విడగొడతాయి. చిన్నపేగు పీల్చుకుంటుంది. మిగిలేది తక్కువ.

లెక్క వేసి చూడండి. 50 గ్రాముల చాక్లెట్ బార్‌లో లెసిథిన్ మహా అయితే పావు గ్రాము. ఒక కోడిగుడ్డు పచ్చసొనలో ఇదే జాతి కొవ్వులు గ్రామున్నర దాకా ఉంటాయి. ఉడికించిన గుడ్డు తిని హాయిగా ఉన్న మనిషికి బిస్కెట్‌లోని లెసిథిన్ వల్ల కడుపు ఉబ్బిందంటే నమ్మడం కష్టం.

గ్యాస్ సంగతీ అంతే. పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెట్టి గ్యాస్ తయారుచేసేది ప్రధానంగా అరగకుండా మిగిలిన పిండిపదార్థాలను, పీచును. లెసిథిన్ పిండిపదార్థం కాదు, కొవ్వు. అందుకే పేగు సున్నితంగా ఉన్నవాళ్లకు గ్యాస్ తెచ్చే పదార్థాలు తగ్గించి ఇచ్చే ఆహార పద్ధతిలో కూడా లెసిథిన్‌ను పక్కన పెట్టమని చెప్పరు.

యూరప్ ఆహార భద్రతా సంస్థ 2017లో లెసిథిన్‌ను మళ్లీ పరిశీలించి, ఏడాది దాటిన వారందరి విషయంలో ఆందోళన అక్కర్లేదని, రోజుకింత అన్న గరిష్ఠ పరిమితి కూడా అవసరం లేదని తేల్చింది. మన దేశంలోనూ ఆహార భద్రతా ప్రమాణాల ప్రాధికార సంస్థ అనుమతించిన పదార్థమే ఇది.

మరి అస్సలు ఇబ్బంది పెట్టదా?

పెడుతుంది. బిస్కెట్‌లో ఉన్నప్పుడు కాదు, డబ్బాలో కొన్నప్పుడు. జ్ఞాపకశక్తికని, కొలెస్ట్రాల్‌కని, పిత్తాశయంలో రాళ్లు కరుగుతాయని లెసిథిన్ గొట్టాలు, పలుకులు అమ్ముతుంటారు. ఒక్కో గొట్టం 1200 మిల్లీగ్రాములు. పూటకు రెండు చొప్పున వేసుకుంటే రోజుకు ఐదారు గ్రాములు దాటుతుంది. చెంచాలతో తీసుకునే పలుకులైతే ఇంకా ఎక్కువ. అంత మోతాదులో కొందరికి వికారం, కడుపునొప్పి, పల్చటి విరేచనాలు వస్తాయి. ఒంటికి చేపల వాసన పట్టినవాళ్లూ ఉంటారు. లెసిథిన్‌లోని కోలిన్‌ను పేగు బ్యాక్టీరియా విడగొట్టినప్పుడు పుట్టే ట్రైమిథైలమైన్ వాసన అది. ఇదే పదార్థం కాలేయంలో మరో రూపంలోకి మారుతుంది, ఆ రూపం రక్తంలో ఎక్కువగా ఉన్నవారిలో గుండెజబ్బులు ఎక్కువగా కనిపించాయని అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు 2011, 2013లలో చెప్పారు. బిస్కెట్‌లోని రవ్వంత దానికి ఇది వర్తించే విషయం కాదు గానీ, ఎవరో చెప్పారని రోజూ గుప్పెడు గొట్టాలు మింగేవాళ్లు మాత్రం ఆలోచించాలి. పిత్తాశయ రాళ్లు లెసిథిన్‌తో కరుగుతాయనడానికి గట్టి రుజువు లేదు. రాళ్ల నొప్పి ఉన్నవాళ్లు గొట్టాలు మింగుతూ కాలయాపన చేయడం ప్రమాదం.

పేగు పుండ్ల జబ్బు అయిన అల్సరేటివ్ కొలైటిస్‌లో పెద్దపేగు లోపలి జిగురు పొరలో ఫాస్ఫాటిడిల్‌కోలిన్ తక్కువగా ఉంటుందని జర్మనీలోని హైడెల్‌బర్గ్ వైద్యులు గమనించారు. దాన్ని పెద్దపేగులో విడుదలయ్యేలా మందుగా ఇచ్చి 2005లో 60 మందిపై పరీక్షిస్తే మంచి ఫలితం కనిపించింది. తర్వాత జరిగిన పెద్ద ప్రయోగాల్లో ఆ ఆశ నిలవలేదు. ఇక్కడ గమనించాల్సింది ఇదీ: పేగును పాడుచేస్తుందని మనం భయపడుతున్న పదార్థాన్నే వైద్యులు పేగుకు మందుగా ఇచ్చి చూశారు.

సోయా అలర్జీ మాత్రం వేరే కథ. అది నిజంగా ఉన్నవాళ్లు జాగ్రత్తగానే ఉండాలి. అలర్జీ తెప్పించేది సోయాలోని మాంసకృత్తు. లెసిథిన్‌లో అది అతి స్వల్పంగా మిగులుతుంది. సోయా అలర్జీ ఉన్నవారిలో చాలామంది లెసిథిన్‌ను తట్టుకుంటారు, కొందరు తట్టుకోలేరు. తమ పిల్లలు ఏ కోవలో ఉన్నారో తేల్చాల్సింది అలర్జీ నిపుణులే, ఇంట్లో ప్రయోగాలు కాదు. తిన్న నిమిషాల్లో దద్దుర్లు లేవడం, పెదవులు వాయడం, గొంతు బిగుసుకోవడం, ఊపిరి ఆడకపోవడం అలర్జీ లక్షణాలు. సాయంత్రం బిస్కెట్ తింటే రాత్రికి కడుపు బిగుతుగా అనిపించడం ఆ కోవలోకి సాధారణంగా రాదు.

ఎమల్సిఫయర్లన్నీ ఒక్కటి కావు

భయానికి ఆధారం బొత్తిగా లేదనలేం. పదేళ్లుగా ఎమల్సిఫయర్ల మీద శాస్త్రవేత్తలు గట్టిగానే దృష్టి పెట్టారు. 2015లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం దీనికి ఊపునిచ్చింది. ఎలుకలకు పాలిసార్బేట్ 80, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ అనే రెండు ఎమల్సిఫయర్లు ఇస్తే, పేగు గోడను కాపాడే జిగురు పొరలోకి బ్యాక్టీరియా చొరబడింది, చిన్నపాటి వాపు మొదలైంది, ఎలుకలు బరువు పెరిగాయి. లేబుళ్ల మీద ఇవి 433, 466 అంకెలతో కనిపిస్తాయి. తర్వాత మనుషుల మీదా పరీక్షించారు. 16 మంది ఆరోగ్యవంతుల్ని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు 11 రోజులపాటు రోజుకు 15 గ్రాముల చొప్పున 466 ఇచ్చారు. వాళ్లకు భోజనం తర్వాత పొట్టలో ఇబ్బంది కాస్త పెరిగింది. పేగు బ్యాక్టీరియాలో వైవిధ్యం తగ్గింది. 15 గ్రాములంటే మామూలుగా తినేదానికన్నా చాలా ఎక్కువే. అయినా విషయం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు.

మరి 322 సంగతి? 2021లో ఇరవై రకాల ఎమల్సిఫయర్లను మనిషి పేగు బ్యాక్టీరియాతో కలిపి ప్రయోగశాలలో చూశారు. చాలావాటి ప్రభావం కనిపించింది. లెసిథిన్ మాత్రం చెప్పుకోదగ్గ మార్పు తేలేదు. ఫ్రాన్సులో 95 వేల మందికి పైగా ఆహారపు అలవాట్లను ఏళ్ల తరబడి గమనించి 2023లో ఫలితాలు ప్రకటించారు. గుండె జబ్బులతో సంబంధం కనిపించిన ఎమల్సిఫయర్లలో సెల్యులోజ్ రకాలు, 471, 472 వర్గానివి ఉన్నాయి. 322 ఆ జాబితాలో లేదు. ఇలాంటి అధ్యయనాలు సంబంధాన్ని చూపుతాయే తప్ప అదే కారణమని నిరూపించవు. అయినా ఒక సంగతి తెలుస్తుంది: ఎమల్సిఫయర్ అన్న ఒక్క మాట కింద అన్నింటినీ ఒకే గాటన కట్టడం కుదరదు.

చాక్లెట్ల మీద 322 పక్కనే తరచూ 476 కనిపిస్తుంది. అది ఆముదం నూనెలోని ఆమ్లంతో తయారవుతుంది. ఆముదం పేరు వినగానే విరేచనాలు గుర్తుకొస్తాయి గానీ, చాక్లెట్‌లో వాడే మోతాదుకు ఆ పని చేసే శక్తి లేదు.

మరి కడుపు ఎందుకు ఉబ్బుతోంది?

ప్యాకెట్‌ను మళ్లీ తిప్పండి. ఈసారి పైనుంచి చదవండి. ఏది ఎక్కువ బరువుంటే దాన్ని ముందు రాయాలన్నది నిబంధన. మొదట మైదా, తర్వాత చక్కెర, తర్వాత పామాయిల్. లెసిథిన్ ఎక్కడో చివర్లో. వంద గ్రాముల క్రీమ్ బిస్కెట్లలో సాధారణంగా చక్కెర 35 గ్రాముల అటూఇటూ, కొవ్వు 20 గ్రాముల దాకా ఉంటాయి. లెసిథిన్ అర గ్రాము ఉంటే గొప్ప. యాభై అయిదు గ్రాములను వదిలేసి అర గ్రామును పట్టుకున్నామన్నమాట!

కొవ్వు ఎక్కువైతే కడుపు ఖాళీ అవడం ఆలస్యమవుతుంది. ఛాతీలో మంట ఉన్నవాళ్లకు మంట పెరుగుతుంది. గోధుమలో ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలుంటాయి, ఉల్లిగడ్డలో, ఎల్లిగడ్డలో కూడా ఉంటాయి. పేగు సున్నితంగా ఉన్నవాళ్లకు ఇవి గ్యాస్ తెస్తాయి. 'బిస్కెట్ తింటే ఉబ్బరం, అన్నం తింటే లేదు' అనేవారిలో కొందరి సమస్య ఇదే.

అందరూ మర్చిపోయేది పాలు. మన దక్షిణాది పెద్దల్లో చాలామందికి పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్, పూర్తిగా అరగదు. చిన్నప్పుడు గటగటా తాగిన పాలే నలభైలో కడుపును ఉబ్బిస్తాయి. అయితే దీనికీ ఒక కొలత ఉంది. లాక్టోజ్ పడనివాళ్లలో కూడా ఎక్కువమంది ఒకసారికి 12 గ్రాములు, అంటే దాదాపు గ్లాసు పాలు తట్టుకుంటారు. కాబట్టి కప్పు చాయ్‌లోని పాలు పెద్దగా ఏమీ చేయకపోవచ్చు. పెద్ద గ్లాసు పాలల్లో మాల్ట్ పొడి కలుపుకొని తాగి, వెంటనే ఐస్‌క్రీం కూడా తింటే లెక్క దాటుతుంది. నింద మాత్రం మాల్ట్ పొడి డబ్బా మీదున్న లెసిథిన్‌కు పోతుంది. పెరుగు, చల్ల తాగితే ఏమీ కాకుండా పాలు తాగితేనే ఇబ్బంది అవుతుంటే, అనుమానించాల్సింది లాక్టోజ్‌నే.

సోయా పేరుతో కడుపు ఉబ్బించేది ఒకటుంది. అది మీల్ మేకర్. నూనె తీసేశాక మిగిలిన సోయా పిండితో చేస్తారు. పప్పుల్లో, శనగల్లో, బొబ్బర్లలో ఉన్నట్టే దీనిలోనూ రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి. వాటిని అరిగించే ఎంజైము మన చిన్నపేగులో లేదు. నేరుగా పెద్దపేగుకు వెళ్లి బ్యాక్టీరియాకు విందు అవుతాయి. 'సోయా నాకు పడదు' అనేవాళ్లలో చాలామంది అనుభవం ఇదే. ఆ అనుభవాన్నే ప్యాకెట్ మీది సోయా లెసిథిన్‌కు అంటగడతారు. మీల్ మేకర్‌ను మానేయక్కర్లేదు, మంచి మాంసకృత్తు అది. వేడినీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, ఆ నీళ్లు పారబోసి వండితే ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. మొదటిసారే పెద్ద గిన్నెడు తినకుండా కొద్దికొద్దిగా అలవాటు చేసుకోవాలి.

సోయాలోని హార్మోన్లాంటి పదార్థాల గురించి మగపిల్లల తల్లులు భయపడుతుంటారు. ఆ ఐసోఫ్లేవోన్లు ఉండేది ప్రధానంగా మాంసకృత్తు భాగంలో. లెసిథిన్‌లో నామమాత్రమే. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రం మీల్ మేకర్, సోయా పాలు లాంటివి మాత్రతోపాటు తీసుకోకుండా కొన్ని గంటల ఎడం ఉంచాలి. లెసిథిన్‌కు ఆ పట్టింపు అక్కర్లేదు.

షుగర్ ఉన్న పెద్దవాళ్లను చూడటానికి వెళ్లేటప్పుడు పండ్లకు బదులు 'షుగర్ ఫ్రీ' బిస్కెట్లు, చాక్లెట్లు పట్టుకెళ్లడం ఇప్పుడు మర్యాదైపోయింది. వీటిలో తీపి కోసం సార్బిటాల్ (420), మాల్టిటాల్ (965) లాంటివి వాడతారు. ఇవి సగం అరుగుతాయి, సగం పెద్దపేగుకు చేరి నీటిని లాగుతాయి. ఎక్కువ తింటే విరేచనాలు కావచ్చని ప్యాకెట్ మీద రాసి ఉండాలన్న నిబంధన కూడా ఉంది. నాలుగు చాక్లెట్లు తిని రాత్రంతా లేచి తిరిగిన పెద్దాయనను అడిగితే సోయా పేరు చెబుతాడు. అసలు దోషి అదే ప్యాకెట్ మీద రెండు అంగుళాల దూరంలో కూర్చుని ఉంటుంది.

ఇంకో సంగతి. ప్యాకెట్ తిండి ఎక్కువైన ఇంట్లో సమస్య ఒక్కో పదార్థం వల్ల కాదు, మొత్తం తిండి తీరువల్ల వస్తుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 2019లో 20 మందిని తమ దగ్గరే నాలుగు వారాలు ఉంచి చూసింది. రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు ఇంటి తరహా తిండి. రెండింట్లోనూ చక్కెర, కొవ్వు, పీచు సమానంగా ఉండేలా వడ్డించి, ఇష్టమున్నంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి తిన్నప్పుడు రోజుకు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. రెండు వారాల్లో దాదాపు కిలో బరువు పెరిగారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కూడా ఇలాంటి తిండి తగ్గించమని, లేబుల్ చదివి కొనమని చెప్పింది. కాబట్టి 322 కనిపించిందంటే భయపడక్కర్లేదు గానీ, అది కనిపించిన చోట ఫ్యాక్టరీ తిండి ఉందని మాత్రం గుర్తు. రోజులో ఎన్నిసార్లు ఆ అంకె మీ ఇంట్లోకి వస్తోందో లెక్కపెట్టుకుంటే, మీ పిల్లలు ఎన్నిసార్లు అన్నానికి బదులు ప్యాకెట్ తింటున్నారో తెలుస్తుంది.

రెండు వారాల పుస్తకం

అనుమానం తీరాలంటే ఒక మార్గం ఉంది. పాత నోటుబుక్కు తీసుకోండి. రెండు వారాలు తిన్నది, తాగినది, ఏ వేళకు ఇబ్బంది అయిందో రాయండి. ఏదీ మానకండి, ఉన్నది ఉన్నట్టు రాయండి. చాలామందికి పదో రోజుకే ఒక వరుస కనిపిస్తుంది. పాలు తాగిన రోజే ఉబ్బరమా, రాత్రి పదింటికి తిన్న రోజే మంటా, పెళ్లికి వెళ్లొచ్చిన మర్నాడేనా? తర్వాత అనుమానం ఉన్న ఒక్కదాన్ని మాత్రమే వారం పది రోజులు ఆపి, మళ్లీ మొదలుపెట్టి చూడాలి. ఒకేసారి అయిదింటిని మానేస్తే ఏది కారణమో ఎప్పటికీ తెలియదు. పిల్లల విషయంలో మరీ జాగ్రత్త. పాలు, గోధుమ, సోయా, గుడ్డు అన్నీ మాన్పించిన తల్లిదండ్రులు చివరికి పిల్లల ఎదుగుదలనే దెబ్బతీస్తారు.

కొన్ని లక్షణాలుంటే ఈ పుస్తకం కూడా వద్దు, నేరుగా డాక్టర్ దగ్గరికే. మలంలో రక్తం, మలం నల్లగా తారులా రావడం, ప్రయత్నం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, వదలని జ్వరం, మింగడం కష్టమవడం, మాటిమాటికీ వాంతులు, రక్తహీనత. నలభై అయిదు దాటాక కొత్తగా మలవిసర్జన తీరు మారడం. పిల్లల్లో అయితే ఎత్తు, బరువు పెరగకుండా ఆగిపోవడం. వీటి వెనక కడుపులో పుండు, హెలికోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా, పేగు వాపు జబ్బులు, క్షయ, ఒక్కోసారి క్యాన్సర్ ఉండొచ్చు. గోధుమ పడని సీలియాక్ జబ్బు ఉత్తరాదితో పోలిస్తే మన దగ్గర తక్కువే అయినా ఉండదని కాదు. దానికి రక్తపరీక్ష ఉంది. పరీక్షకు ముందే గోధుమ మానేస్తే ఫలితం తప్పుగా రావచ్చు, కాబట్టి డాక్టరును అడగకుండా మానకండి. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికో, అక్కణ్ణుంచి హైదరాబాద్‌కో వెళ్లాల్సి వస్తుందని వాయిదా వేస్తూ, ఈలోగా కిరాణా కొట్లో లెసిథిన్ లేని బిస్కెట్ కోసం వెతుక్కుంటూ కూర్చుంటే ఆ నెలలు తిరిగి రావు.

కొనేటప్పుడు

అలర్జీ ఉన్న పిల్లలున్న ఇంట్లో పదార్థాల జాబితా కింద ఉండే మరో వాక్యం చూడాలి. సోయా, పాలు, గోధుమ, వేరుశనగ, చెట్టు గింజలు, గుడ్డు లాంటివి ఉంటే విడిగా చెప్పాలని 2020 నాటి లేబులింగ్ నిబంధనలు అంటున్నాయి. 'సోయా ఉంది' అని రాసి ఉన్నంత మాత్రాన మామూలు కుటుంబం కంగారుపడక్కర్లేదు. ఆ వాక్యం అలర్జీ ఉన్నవారి కోసం. శాకాహారులకు అడిగే ప్రశ్న ఇంకొకటి: లెసిథిన్ గుడ్డుదా, సోయాదా? గుడ్డుదైతే ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉండకూడదు. ఆకుపచ్చ చుక్క ఉంటే సోయా, పొద్దుతిరుగుడు లాంటి గింజలదే.

బడికి పెట్టే చిరుతిండి గురించి అడిగితే, కామారెడ్డి వాళ్లకు వేరే ఊరి సలహా అక్కర్లేదు. ఇక్కడి బెల్లానికి చుట్టుపక్కల మంచి పేరుంది. అదే బెల్లంతో పల్లీపట్టి, నువ్వుల ఉండలు, పుట్నాల ముద్దలు. తీపి తీపే కాబట్టి బెల్లమైనా ఒకటి రెండు ముక్కలే. కారం కావాలంటే సర్వపిండి, ఉడకబెట్టిన మక్కజొన్న కంకి, తాలింపు వేసిన శనగలు. శనగలకు గ్యాస్ వస్తుందనేవాళ్లు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లలో ఉడికించాలి. ఎల్లారెడ్డి బస్సులో గంటకు పైగా కూర్చోవాల్సిన పిల్లాడికి డబ్బాలో రెండు అరటిపండ్లు, గుప్పెడు పల్లీలు పెట్టి పంపితే దారిలో ఆకలి తీరుతుంది. ప్యాకెట్ కావాలని మారాం చేస్తే ఇవ్వండి, పావు వంతు. మిగతాది రబ్బరు బ్యాండు వేసి సంచిలో పెట్టండి.